భీమిలి ఒకప్పుడు వైజాగ్ కన్నా పెద్దదా? మరి ఇప్పుడింత నిశ్శబ్దం ఎందుకు?

కొత్తగా_వైజాగ్ అడిగారు:

నమస్తే అండీ. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. బదిలీ మీద వైజాగ్ వచ్చి ఎనిమిది నెలలైంది, మధురవాడలో ఉంటున్నాం. మొన్న ఆదివారం పాపని తీసుకుని మొదటిసారి భీమిలి వెళ్లాం. ఎర్రమట్టి దిబ్బల దగ్గర కాసేపు ఆగి మధ్యాహ్నం రెండింటికి ఊళ్లోకి దిగాం. నేననుకున్నది బీచ్, బజ్జీల బండి, నాలుగు ఫోటోలు, అంతే. తీరా చూస్తే సముద్రం దగ్గర ఒక ప్రహరీ లోపల మనిషి ఎత్తుకి మించిన కోసు సమాధులు, వాటి మీద రాళ్లలో చెక్కిన అర్థం కాని అక్షరాలు. కాస్త అవతల పాత చర్చి, ఒక గంటస్తంభం, లైట్‌హౌస్. వీధిలో మేము తప్ప ఒక కుక్క, అరుగు మీద పడుకున్న ఒక పెద్దాయన. ఇది వైజాగ్ కార్పొరేషన్‌లో భాగమంటే నమ్మబుద్ధి కాలేదు, మా మధురవాడలో ఆ టైముకి రోడ్డు దాటాలంటేనే టెన్షన్.

తిరిగొచ్చేటప్పుడు ఆటో అతన్ని "ఇది వైజాగ్‌లో ఏ ఏరియా కిందకొస్తుందండీ" అని అడిగాను. పాపం మామూలుగానే అడిగాను. అతను బండి స్లో చేసి వెనక్కి తిరిగి మరీ "ఏరియా ఏంటి బాబూ, భీమిలి! వైజాగ్ ఊరు కాకముందే మాకు ఓడలొచ్చేవి, మాది దేశంలో రెండో మున్సిపాలిటీ" అన్నాడు. ఆ తర్వాత దిగేదాకా మాట్లాడలేదు.

అందుకే ఇక్కడ అడుగుతున్నా. భీమిలి నిజంగానే వైజాగ్ కన్నా పెద్ద ఊరా? అయితే ఎక్కడ దెబ్బ తింది? ఏదైనా తుపాను వచ్చి ఊడ్చేసిందా, ఓడరేవు పూడిపోయిందా? ఇంకో సంగతి, వచ్చే నెల మా మామగారు వస్తున్నారు, రిటైరైన లెక్కల మాస్టారు, ఇలాంటివంటే ప్రాణం, కానీ మోకాళ్ల నొప్పి. కొండలెక్కకుండా ఏం చూపించొచ్చు? అసలు మేమే అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన కూడా వచ్చింది, మా ఆవిడ మాత్రం "ఆ నిశ్శబ్దానికి నాకు పిచ్చెక్కుతుంది" అంటోంది.

గోస్తని_గట్టు:

ఆటో అతను సరిగ్గా చెప్పాడు, మీరే అడక్కూడనిది అడిగారు :) ఇక్కడ పుట్టినవాణ్ని, ఇప్పుడు ఉద్యోగం గాజువాకలో. ఇప్పటికీ మా అమ్మ నేను ఇంటి నుంచి బయల్దేరుతుంటే "వైజాగ్ వెళ్తున్నావా" అనే అంటుంది. ఇల్లు కూడా వైజాగ్ కార్పొరేషన్‌లోనే ఉందని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ లెక్కలో వైజాగ్ వేరే ఊరు, బస్సెక్కి వెళ్లాలి.

తుపాను ఊడ్చెయ్యలేదు, రేవు పూడిపోనూ లేదు. అసలు ఇక్కడ మీరనుకునే రకం రేవు ఎప్పుడూ లేదు, అది ముందు తెలుసుకోవాలి. గోస్తని నది సముద్రంలో కలిసేది ఇక్కడే, కానీ ఆ మొగలోకి పెద్ద ఓడ రాలేదు. ఓడలు ఒడ్డుకి దూరంగా లోతు నీళ్లలో లంగరు వేసుకునేవి. ఒడ్డు నుంచి అక్కడిదాకా సరుకు మోసింది మసూలా పడవలు. మా ముత్తాత వాటి మీద పనిచేశాడని మా తాత చెప్పేవాడు. ఆ పడవకి మేకు ఉండదు. పలకలకి చిల్లులు పెట్టి కొబ్బరి తాడుతో కుట్టేవారు, మంచం నులక అల్లినట్టు అనుకోండి. ఎందుకంటే ఇక్కడ అల ఒడ్డు మీదే విరుగుతుంది, మేకులు కొట్టిన గట్టి పడవైతే ఇసకకి తగిలి పగిలిపోతుంది, కుట్టిన పడవ మాత్రం ఆ దెబ్బకి వంగి మళ్లీ సర్దుకుంటుంది. నీళ్లు కారతాయి, అది మామూలే, ఒకడు తోడుతూనే ఉండాలి. వెనక పొడుగు తెడ్డు పట్టుకున్నవాడు అల లెక్కపెట్టి కేక వేస్తే మిగతావాళ్లు ఒక్క ఊపున లాగాలి, ఒక్క అల తప్పినా బస్తాలు నీళ్లపాలు. మా తాత ఆ కేక వేసి చూపించేవాడు, వీధి చివరికి వినిపించేది.

ఇక ఆ బస్తాల్లో ఏముండేవంటే నూనెగింజలు, తోళ్లు, కరక్కాయలు (తోళ్లు పదును చేయడానికి వాడేవారు), ముఖ్యంగా నార. గోగు నార. మీ గుంటూరు వాళ్లు పచ్చడి చేసుకునే గోంగూర ఉందే, ఆ కుటుంబమే, ఇక్కడ ఆకు కోసం కాదు, కాండం కోసం వేసేవారు. బయటి దేశాల మార్కెట్లో దాని పేరే "బిమ్లీ జూట్". మా ఊరి పేరు ఒక పంట పేరైపోయింది, ఇంకేం కావాలి! పొలంలో కోసిన గోగు కట్టలు చెరువులో ఊరేసి, పైన బరువు పెట్టి, కుళ్లాక నడుము లోతు నీళ్లలో నిలబడి నార ఒలుస్తారు. ఆ వాసన ఒకసారి ముక్కుకి తగిలితే రెండు రోజులు అన్నం సహించదు. చిట్టివలస జూట్ మిల్లు వచ్చిందీ ఆ నార వల్లే, అదీ 2009లో మూతపడింది. మా పెదనాన్న ఆ మిల్లు కూత విని గడియారం సరిచేసుకునేవాడు. మూతపడ్డాక కూడా చాలారోజులు ఆ టైముకి చెయ్యి గడియారం మీదకి వెళ్లేదట.

పాత_కాగితాలు:

పైన గోస్తని గారు బాగా రాశారు. నేను లెక్కల వైపు నుంచి కొంచెం చెప్తా, ఎందుకంటే ఈ "వైజాగ్ కన్నా పెద్ద ఊరు" అన్న మాట విని విని విసుగొచ్చింది.

1901 జనాభా లెక్కల్లో భీమిలి 10 వేల పైచిలుకు. విశాఖపట్నం 40 వేలు. కాబట్టి ఊరుగా వైజాగే పెద్దది, జిల్లా కేంద్రం కూడా అదే. కానీ అదే రోజుల్లో జిల్లాకి ముఖ్యమైన రేవు ఏదంటే భీమిలి. జనం అక్కడ, సరుకు ఇక్కడ. మీ ఆటో అతను అబద్ధం చెప్పలేదు, రేవుని ఊరనుకున్నాడు, అంతే. రెండో మున్సిపాలిటీ అన్నది మాత్రం వదిలేయండి. భీమిలి మున్సిపాలిటీ అయింది 1861లో, చాలా పాతదే, అందులో అనుమానం లేదు. కానీ మద్రాసులో కార్పొరేషన్ 1688లోనే పెట్టారు, బొంబాయి, కలకత్తా ఉండనే ఉన్నాయి. ప్రతి పాత ఊరూ "రెండోది" అనే చెప్పుకుంటుంది, మొదటిదంటే ఎవరైనా అడుగుతారని భయమేమో.

ఎక్కడ దెబ్బ తిందంటే, నా లెక్కలో రెండు చోట్ల. ఒకటి రైలు. 1890లలో మద్రాసు, కలకత్తాల మధ్య తూర్పు తీరం లైను వేసినప్పుడు అది విజయనగరం మీంచి కొత్తవలస, వాల్తేరు వెళ్లిపోయింది. మధ్యలో కొండలున్నాయి, భీమిలి పక్కన మిగిలిపోయింది. ఇవాళ్టికీ భీమిలికి రైలు స్టేషను లేదు. అయినా వెంటనే పడిపోలేదు, విజయనగరం వైపు నుంచి ఎడ్ల బళ్ల మీద సరుకు వస్తూనే ఉండేది, 1901 లెక్క రైలొచ్చిన తర్వాతదే కదా.

రెండోది అసలు దెబ్బ, వైజాగ్ హార్బరు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఉప్పుటేరు ఉంది చూడండి, దాన్ని తవ్వి లోతు చేశారు. మొగ దగ్గర అలలకి అడ్డంగా రెండు పాత ఓడల్ని రాళ్లతో నింపి ముంచేశారు. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ లోపలికొచ్చింది. రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలు లైను అంతకు రెండేళ్ల ముందే పూర్తయింది, మధ్య పరగణాల ఖనిజం నేరుగా హార్బరులోకి వచ్చేసే ఏర్పాటు. ఇక ఓడ గట్టుకే వచ్చి ఆగుతుంటే, క్రేను ఎత్తిపోస్తుంటే, ఇక్కడ తాడుతో కుట్టిన పడవలో నీళ్లు తోడుకుంటూ బస్తాలు మోసే రేవుకి ఏ వర్తకుడొస్తాడు? భీమిలిని ఎవరూ ఓడించలేదు, పాతిక కిలోమీటర్ల అవతల లోతైన నీళ్లు దొరికాయి. భీమిలి రేవు ఆ తర్వాత కూడా కొన్నాళ్లు కాళ్లీడ్చింది, అంతే.

ఇక మీరు చూసిన ఆ సమాధులు డచ్చివాళ్లవి, అంటే హాలండు వాళ్లవి. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ నవాబుల కాలంలో వచ్చారు. ఇక్కడి నేతబట్టలు కొని ఇండోనేషియా దీవులకి పట్టుకెళ్లి, అక్కడ మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనేవారు. మన సాలెవాళ్ల బట్ట లేకపోతే ఆ దీవుల్లో వాళ్లకి సుగంధద్రవ్యాలు అమ్మేవాడు లేడు, డబ్బుకన్నా బట్టకే అక్కడ గిరాకీ. 1754లో మరాఠా సైన్యం వచ్చినప్పుడు వైజాగ్‌లో ఇంగ్లీషువాళ్ల జోలికి పోకుండా భీమిలిలో డచ్చివాళ్ల వర్తక కోఠీని దోచుకుంది. యూరప్‌లో యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువాళ్లు దీన్ని పట్టుకోవడం, సంధి అయ్యాక తిరిగివ్వడం. 1795లో తీసుకున్నారు, 1818లో ఇచ్చారు. చివరికి 1824 ఒప్పందంలో సుమత్రాలోని బెంకూలెన్ ఇచ్చి, బదులుగా మలక్కాతో పాటు మన దేశంలో డచ్చివాళ్లవన్నీ తీసుకున్నారు. 1825లో భీమిలి చేతులు మారింది. ఎక్కడో సుమత్రాలో ఊరుకి బదులు మన ఊరు, ఇక్కడివాళ్లని అడిగినవాడెవడూ లేడు. 2013లో కార్పొరేషన్‌లో కలిపేటప్పుడూ ఊళ్లో ఇదే మాట అన్నారు :)

బందరు_లడ్డు:

సంబంధం లేని ఊరివాణ్ని, కానీ చదువుతుంటే ఆగలేకపోయా. మా మచిలీపట్నంలో వలందపాలెం అని పేట ఉంది. చిన్నప్పుడు వలందమ్మ అనే దేవత పేరేమో అనుకునేవాణ్ని. హాలండు వాళ్లని మనవాళ్లు వలందావాళ్లు అనేవారు, వాళ్లుండే పాలెం వలందపాలెం. ఫ్రెంచివాళ్లది పరాసుపేట. ఇంగ్లీషుపాలెం సరేసరి. మూడు దేశాలూ మూడు సిటీబస్ స్టాపులు అయిపోయాయి మాకు. భీమిలిలో అలాంటి పేరు ఏదైనా మిగిలిందా?

కాకినాడలో జగన్నాథపురం కూడా ఇదే కథ. అదొకప్పుడు డచ్చివాళ్ల స్థావరం, వేరే ఊరు, ఇప్పుడు కాలవ అవతల కాకినాడలో ఒక పేట. కాకినాడ వాళ్లు జగన్నాయకపురం అంటే ఇంకా ఎక్కువ దర్జాగా ఉంటుందంటారు. భీమిలికి కనీసం పాతిక కిలోమీటర్ల దూరం ఉంది కాబట్టి పేరూ పరువూ నిలబడ్డాయి. జగన్నాథపురానికి ఒక్క వంతెనే అడ్డం, ఎప్పుడు కలిసిపోయిందో ఎవరికీ గుర్తులేదు.

ఉప్పుగాలి:

అందరూ డచ్చివాళ్లూ ఓడలూ అంటున్నారు, ఆయన అద్దె ఇంటి గురించి కూడా అడిగారండీ. నేను ఇక్కడే ఉంటున్నాను, పెళ్లై వచ్చి పదకొండేళ్లు, మా పుట్టిల్లు సీతమ్మధార. మీ ఆవిడ తరఫున నేను మాట్లాడతాను.

నిశ్శబ్దం నిజమే. కానీ మీరు చూసింది మధ్యాహ్నం రెండు గంటల భీమిలి. పొద్దున్న ఆరింటికి ఒడ్డుకి పడవలొచ్చినప్పుడు రండి, వేలంపాటలో నిశ్శబ్దం ఎక్కడుందో నాకూ చూపించండి. వంజరం బుట్ట దింపేలోపే ముగ్గురు చెయ్యి వేస్తారు. ఎనిమిదయ్యేసరికి అంతా సర్దేసి వెళ్లిపోతారు, ఇసక మీద పొలుసులు, కాకులు మిగులుతాయి. ఆ తర్వాత ఊరు నిద్రపోతుంది. సాయంత్రం మళ్లీ లేస్తుంది.

ఇక కష్టాలు. ఉప్పు గాలి. నా వాడుక పేరు ఊరికే పెట్టుకోలేదు. సముద్రం వైపు కిటికీ ఉన్న ఇల్లని మురిసిపోయి తీసుకున్నాం, రెండేళ్లలో గ్రిల్ చేత్తో గిల్లితే రాలింది, ఫ్రిజ్ వెనక భాగం తుప్పు, ఏసీ బయటి పెట్టె రెండుసార్లు మార్చాం. పాత ఇళ్లవాళ్లు తెలివైనవాళ్లు, సముద్రం వైపు చిన్న కిటికీలు, లోపలెక్కడో వసారా, మందంగా సున్నపు గోడ. కాబట్టి మొదటి వరస ఇల్లు వద్దు, రెండు మూడు వీధులు లోపలికి చూడండి. బోరు నీళ్లు తాగి చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ఒకే వీధిలో ఒక బోరు తియ్యగా ఉంటుంది, నాలుగిళ్ల అవతల సబ్బు నురగ రాదు.

పిల్లకి బడి, మీకు ఆఫీసు ఎక్కడో చూసుకోండి. బీచ్ రోడ్డు మీద వచ్చే 900కే బస్సు మా ప్రాణం, కుడి పక్క కూర్చుంటే వైజాగ్ నుంచి వచ్చేటప్పుడు దారంతా సముద్రమే. కానీ ఆదివారం సాయంత్రం అదే రోడ్డు మీద రుషికొండ దాటడానికి పట్టే టైములో విజయనగరం వెళ్లి రావచ్చు. రాత్రి జ్వరమొస్తే పెద్ద ఆసుపత్రికి ఎంత దూరమో కూడా లెక్కేసుకోండి. హుద్‌హుద్ వచ్చినప్పుడు (2014 అక్టోబర్ 12, మా పెద్దవాడికి నాలుగు నెలలు) చెట్లు పడి రోడ్డు మూసుకుపోతే పాలపొడి డబ్బా కోసం మా ఆయన తగరపువలస దాకా నడిచారు. అంత జరిగినా వెళ్లిపోదామని మాత్రం మేమెవరం అనుకోలేదు, ఎందుకో అడక్కండి.

భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి ఇప్పుడు ఊరి చుట్టూ స్థలాల బోర్డులే. నిశ్శబ్దం కావాలనుకుంటే త్వరగా వచ్చేయండి, తర్వాత గ్యారంటీ లేదు.

దూరపు_చుట్టం:

నెదర్లాండ్స్‌లో ఉంటున్నాను, హేగ్ దగ్గర. సొంతూరు పాలకొల్లు, అందుకే ఈ చర్చ కంటపడగానే ఆగాను. పాలకొల్లూ డచ్చివాళ్ల స్థావరమే మరి. ఇక్కడ నేషనల్ ఆర్కైవ్స్‌లో వాళ్ల ఈస్టిండియా కంపెనీ కాగితాలు భద్రంగా ఉన్నాయి. అందులో మన ఊళ్ల పేర్లు చూస్తే నవ్వాగదు. భీమిలి "బిమిలిపట్నం", అది నయం. జగన్నాథపురం "జగ్గర్నాయిక్‌పూరం". ద్రాక్షారామం "దాట్చేరం"! నోరు తిరక్క వాళ్లు పడ్డ అవస్థంతా ఆ స్పెల్లింగుల్లో కనిపిస్తుంది. మా పాలకొల్లు ఒక్కటే దాదాపు సరిగ్గా రాశారు, "పాలకోల్".

ప్రశ్న అడిగినవారికి ఒక చిన్న చిట్కా. పాత డచ్చి సమాధుల మీద మామూలుగా మొదటి మాట "హీర్ లెయ్ట్ బెగ్రావెన్" అని ఉంటుంది, ఇక్కడ పూడ్చబడి ఉన్నాడు అని. ఆ తర్వాత పేరు, ఏ ఉద్యోగం, పుట్టిన ఊరు, చనిపోయిన తేదీ, వయసు ఎన్నేళ్లు ఎన్ని నెలలు ఎన్ని రోజులు అని లెక్కగా రాస్తారు. రోజులు కూడా! కంపెనీ గుమస్తాలు కదా, చచ్చినా లెక్క తప్పరు. మీ మామగారు లెక్కల మాస్టారంటున్నారు, ఆయనకి బాగా నచ్చుతుంది, వయసులోంచి పుట్టిన తేదీ తీయమనండి.

పాలకొల్లులో కూడా ఒకప్పుడు బట్టల అద్దకం పెద్ద ఎత్తున జరిగేది. ఇప్పుడు పాలకొల్లంటే అందరికీ పంచారామం గుడి, సినిమావాళ్లు గుర్తొస్తారు. డచ్చివాళ్ల మాటెత్తితే మా నాన్నే "ఎవర్రా వాళ్లు" అన్నాడు.

గోస్తని_గట్టు:

@బందరు_లడ్డు భీమిలిలో పేటకి అలాంటి పేరు నాకు తెలిసి ఊరివాళ్ల నోట్లో లేదు. కానీ డచ్చి శ్మశానం ఉన్న చోటుని కాగితాల మీద హాలండర్స్ గ్రీన్ అంటారు. ఇంగ్లీషువాళ్లది వేరే, జెండా కర్ర ఉండే చోటని ఫ్లాగ్‌స్టాఫ్ శ్మశానం. మాకు చిన్నప్పుడు రెండూ ఒకటే, "దొరల సమాధులు". క్రికెట్ బంతి గోడ అవతల పడితే ఎవడు వెళ్లాలో చీటీలు వేసుకునేవాళ్లం. దెయ్యం ఉంటే తెలుగులో బతిమాలుకుంటే వినదు కదా అన్నది మా ప్రధాన సమస్య. ఒకడు ఇంగ్లీషులో "సారీ సర్" అని చెప్పి దూకేవాడు. అవి డచ్చివాళ్లవని, వాళ్లకి ఇంగ్లీషు కూడా రాకపోవచ్చని మాకేం తెలుసు.

@కొత్తగా_వైజాగ్ మామగారి కోసం: కొండ మీద నరసింహస్వామి గుడి, ఇంకా పైకి పావురాలకొండ బౌద్ధ ఆరామం ఉన్నాయి. బండలో తొలిచిన నీటి తొట్లు ఉంటాయి పైన, రెండువేల ఏళ్ల నాటివి, ఆనాటి భిక్షువులు వాన నీళ్లు పట్టుకునేవారు. కానీ మోకాళ్ల నొప్పికి అది కుదరదు, కింద నుంచి చూపించేయండి. శ్మశానం, చర్చి, గంటస్తంభం, లైట్‌హౌస్ అన్నీ దగ్గర దగ్గరే, నెమ్మదిగా నడిచినా గంటన్నర. నది మొగ దగ్గరికి మాత్రం ఆటోలో వెళ్లండి. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం వెళ్తే రాళ్ల మీద ఎండ పడి అక్షరాలు కనిపించవు. ఏటవాలు వెలుగు కావాలి.

పాత_కాగితాలు:

గోస్తని గారు చెప్పిన ఏటవాలు వెలుగు మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకోటి, దయచేసి అక్షరాలు కనిపించడం లేదని సుద్దముక్క రుద్దడం, నీళ్లతో కడగడం చేయకండి. ఆ రాయి ఇప్పటికే ఉప్పుకి పొరలు పొరలుగా లేస్తోంది. ఫోన్ టార్చి పక్క నుంచి పట్టుకుంటే చాలు.

"నిశ్శబ్దం" గురించి ఒక మాట. రేవు బతికుంటే ఆ శ్మశానం, ఆ పాత ఇళ్లు ఏనాడో గోడౌన్లకి పోయేవి. వైజాగ్ పాతపట్నంలో ఏం మిగిలిందో వెళ్లి చూడండి, తేడా తెలుస్తుంది. వ్యాపారం పోవడం వల్లే ఇక్కడ ఇన్ని మిగిలాయని నేనంటాను, గోస్తని గారు ఒప్పుకోరని తెలుసు.

గోస్తని_గట్టు:

ఒప్పుకోను. మిగిలింది రాళ్లండీ. మనుషులు మిగల్లేదు. మిల్లు మూతపడ్డాక మా వీధిలో ఎనిమిదిళ్లలో ఐదు తాళాలు. నేనూ గాజువాకలోనే కదా ఉన్నాను.

ఉప్పుగాలి:

ఆ తాళం పడ్డ ఇళ్లలో ఒకదానికి అద్దెకి వచ్చినదాన్ని నేను. కాబట్టి ఐదు కాదు, నాలుగు అని రాయండి :)

కొత్తగా_వైజాగ్:

అందరికీ చాలా థాంక్స్ అండీ, ఇంత వస్తుందనుకోలేదు. మామగారు మొన్న శుక్రవారం వచ్చారు, శనివారం పొద్దున్నే తీసుకెళ్లాను. ఆరుంపావుకి ఒడ్డు మీదున్నాం. ఉప్పుగాలి గారు చెప్పిన వేలంపాట చూశాం. మామగారు శుద్ధ శాకాహారి, ముక్కు మూసుకుని మరీ చివరిదాకా నిలబడ్డారు. ధర ఎలా పెరుగుతోందో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నారు.

తర్వాత సమాధుల దగ్గరికి. ఫోన్ టార్చి పక్క నుంచి పట్టాను. ఒక రాయి మీద పైన ఏదో వంశపు ముద్ర, శిరస్త్రాణం, దాని చుట్టూ ఆకుల తీగ, అంత ఉప్పు తిన్నా ఆ ఆకు ఈనెలు వేలికి తగులుతున్నాయి. తీగ చెక్కిన పద్ధతి చూసి మామగారు "ఇది మనవాడి చెయ్యిరా, గుడి ద్వారబంధం మీద తీగ ఇలాగే ఉంటుంది" అన్నారు. నిజమో కాదో నాకు తెలీదు, ఆయన మాత్రం తేల్చేశారు. "బెగ్రావెన్" సగం దొరికింది. ఇంకో రాయి మీద వయసు అంకెలు దొరికాయి, సంవత్సరం దగ్గర రాయి పెచ్చు లేచిపోయింది. ఆయనకి కోపమొచ్చింది, ఒక అంకె ఇవ్వకుండా లెక్క ఎలా చెయ్యమంటారని. పాప ఈలోపు ప్రహరీ పక్కన గవ్వలు ఏరుకుంది.

బయటికొచ్చాక టీ తాగుతుంటే ఆ కొట్టాయన "ఎక్కణ్నుంచి" అన్నాడు. ఈసారి జాగ్రత్తగా "వైజాగ్ నుంచి భీమిలి వచ్చామండీ" అన్నాను. రెండో టీకి డబ్బులు తీసుకోలేదు.

ఇల్లు సంగతి ఇంకా తేలలేదు. మూడో వీధిలో ఒకటి చూశాం, వసారా ఉంది, మా ఆవిడ లోపలికెళ్లి ముందు కుళాయి తిప్పి నీళ్లు నోట్లో పోసుకుని చూసింది. మొహం చూస్తే పర్లేదనే అనిపించింది. ఓనరు పన్నెండు నెలల అడ్వాన్సు అడుగుతున్నాడు, అక్కడ అంత మామూలేనా?

ఉప్పుగాలి:

పన్నెండా! ఎవరండీ ఆయన. మూడు ఇస్తానని చెప్పి లేచి రండి, గుమ్మం దాటేలోపు పిలుస్తాడు. సబ్బు కూడా పట్టుకెళ్లి నురగ చూడమని చెప్పండి మీ ఆవిడకి.